కదపొద్దు

సార్డీనియా దీవిలో, లూలా ఊరికి అవతల,
జింకు తవ్వడం మానేసి చాలా ఏళ్లయిన గని.
గేటు తాళాలు బాకీసియో దగ్గరుంటాయి.
కుర్రతనంలో పట్టిన అలవాటు ఇంకా వదల్లేదు:
సొరంగంలో అడుగుపెట్టే ముందు
పైకప్పును కర్రతో తట్టి చెవి ఒగ్గుతాడు.
ఖంగుమంటే రాయి గట్టిది.
డొల్లగా పలికితే
వెనక్కి నడవాలి, పరుగెత్తకూడదు.

నూరు మీటర్ల పైచిలుకు లోతున
ఎఫీసియా పెట్టిన యంత్రం
తట్టకుండానే వింటుంది.
ఒడ్డును కొట్టే పడమటి సముద్రం,
నూవొరో దారిలో లారీ,
మరీ దగ్గరగా నిలబడితే ఆమె అడుగు మార్చుకోవడం.
అవన్నీ తీసేశాక ఏమీ మిగలకూడదు.
ఆ ఏమీ లేనిచోట
ఎప్పటికైనా ఒక పెద్ద చెవి కట్టాలని వాళ్ల ఆశ.

"దేన్ని వినడానికి?" అన్నాడు బాకీసియో ఓసారి,
అప్పడంలాంటి రొట్టె పటపటా విరుస్తూ.

విశ్వం పుట్టీ పుట్టగానే, అంది,
రెప్ప కొట్టడం కూడా యుగమనిపించేంత తొందరలో,
ఒంటి వేడి కాస్త తగ్గి
తీరు మార్చుకుని ఉండొచ్చు.
అంతటా ఒకేసారి కాదు. ఇక్కడో బుడగ, అక్కడో బుడగ.
ఉబ్బి, ఉబ్బి, ఒకదాన్నొకటి గుద్దుకుని.
ఆ గుద్దుకు చోటే వణికి ఉంటుంది.
ఆ వణుకు ఇంకా పోతూనే ఉంటుంది,
పలచబడి పలచబడి
నీలోంచి, నాలోంచి, ఈ రొట్టెలోంచి.

ఇంకో మాట కూడా చెప్పింది.
బుడగ గోడ దాటితే కొన్ని రేణువులకు బరువొస్తుందట.
ఆ బరువు తలకెత్తుకునే సత్తువ లేనివి
గోడకు తగిలి వెనక్కి పోయాయి.
ఎలాగో దూరి వచ్చిన పిడికెడే
ఇవాళ్టి కృష్ణపదార్థం కావచ్చు.
కావచ్చు, అని మళ్లీ అంది.
వెలగదు, నీడ వేయదు,
పాలపుంతలను మాత్రం చెదిరిపోనివ్వదు.

బాకీసియో నవ్వలేదు.
"ఇరవై రెండేళ్లు నా నెత్తిన కొండ ఉండేది.
దీపం ఆరితే కనపడేది కాదు.
లేదని ఒక్కరోజూ అనుకోలేదు."

ఫిబ్రవరిలో గీత మీద కొత్త వణుకు.
రోజూ తెల్లవారుజామున నాలుగింటికి.
గాలిని అనుమానించింది, సముద్రాన్ని అనుమానించింది,
మూడు రాత్రులు తన లెక్కల్నే అనుమానించింది.
నాలుగో రాత్రి టార్చి పట్టుకుని కొండెక్కింది.

ఆంత్యోకో గొర్రెల దొడ్డి.
పాలు పితికే కొత్త మోటారు,
నేరుగా బండలోకి బోల్టులు దిగ్గొట్టి.
దారంతా వల్లె వేసుకుంది:
అయ్యా, కాస్త చప్పుడు తగ్గించాలి,
కింద వేయడానికి రబ్బరు పలకలు మేమే ఇస్తాం.

తలుపు తోసింది.
మోటారు అప్పటికే ఆగిపోయింది.
రాగి కాగు మీద వంగిన మనిషి
తలెత్తకుండా పెదవి మీద వేలు పెట్టాడు.
"అక్కడే ఉండు. తోడుకుంటోంది."

కాగులో ఉన్నవి
పాలూ కావు, గడ్డా కావు.
గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన తోడు గోరంత,
ఏ మూల కలిసిపోయిందో చూపడానికి లేదు.
కాగు కాగంతా దాని మాట వింటోంది.

నిశ్శబ్దం అడగడానికి వచ్చిన మనిషి
ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట,
ఊపిరి కూడా దాచుకుని నిలబడింది.
బయట గొర్రె మెడలో గంట ఒక్కసారి మోగి మానుకుంది.
పొయ్యిలో బూడిద జారింది.
మడమ తిమ్మిరెక్కింది.

ఎంతసేపటికో ఆంత్యోకో చూపుడువేలు ముంచి
మెల్లగా పైకెత్తాడు.
గడ్డ నున్నగా చీలింది, కత్తితో కోసినట్టు.

ఎప్పుడు మారింది?
ఆమె రెప్పవేయకుండా చూస్తూనే ఉంది.

వేలు చొక్కాకు తుడుచుకుని
ఇటు తిరిగాడు.
"ఇప్పుడు చెప్పమ్మా, ఏం పని?"